అప్పగింత, మౌనం, మాట: బడిలో పిల్లల రక్షణపై ఒక నైతిక విచారణ

తెలుగులో 'బడిలో వేయడం' అనే మాట ఉంది. విత్తనాన్ని దుక్కిలో వేస్తాం, డబ్బును బ్యాంకులో వేస్తాం, ఐదేళ్లు నిండిన పిల్లను బడిలో వేస్తాం. మూడు చోట్లా క్రియ ఒకటే. విలువైనదాన్ని మన చేతి నుంచి దాటించి మరొకచోట పెట్టడం, అది పెరిగి తిరిగి వస్తుందని ఎదురుచూడటం ఆ క్రియలో ఉన్నాయి. 'బడికి పంపుతున్నాం' అన్నప్పుడు ప్రయాణం కనిపిస్తుంది. 'బడిలో వేశాం' అన్నప్పుడు అప్పగింత కనిపిస్తుంది.

ఈ వ్యాసం విచారించే ప్రశ్న ఆ అప్పగింతకు సంబంధించినది. బడిలో వేసిన పిల్లపై బడిలోని మనిషే లైంగిక హింసకు పాల్పడినప్పుడు, ఆ నేరం చేసినవాడి విషయంలో నైతిక చర్చకు పెద్దగా తావు లేదు. తావున్నది అతని చుట్టూ ఉన్నవారి విషయంలో. తెలిసి చెప్పనివారు, అనుమానం వచ్చినా ముఖం తిప్పుకున్నవారు, బడి పరువు కోసం రాజీ కుదిర్చినవారు, పిల్ల భవిష్యత్తు తలచి ఆ రాజీకి తలవంచిన తల్లిదండ్రులు - వీరి మౌనానికి ఏ పేరు పెట్టాలి? 2012లో పార్లమెంటు ఆమోదించగా ఆ సంవత్సరం నవంబరు 14న అమలులోకి వచ్చిన 'లైంగిక నేరాల నుండి బాలల రక్షణ చట్టం', వాడుకలో పోక్సో చట్టం, ఈ మౌనంలో కొంత భాగాన్ని నేరంగా ప్రకటించింది. ఆ ప్రకటన వెనుక ఉన్న నైతిక భావన ఏమిటో, మన బడులు చేపట్టిన రక్షణ చర్యలలో అది ఎంతవరకు మిగిలిందో చూడటం ఇక్కడి ప్రయత్నం. నా వాదం క్లుప్తంగా ఇది: చట్టం మాట్లాడే బాధ్యతను పెద్దల మీద పెట్టింది, బడులు దాన్ని మెల్లగా పిల్లల మీదికి జరుపుతున్నాయి.

ఈ ప్రశ్నను రంగారెడ్డి జిల్లా నాదర్‌గుల్ వంటి చోట నిలబడి అడగడానికి కారణం ఉంది. ఈ ఊరి బడులలో ఏదో జరిగిందని సూచించడం నా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. నగరపు అంచున ఉన్న ఊళ్లలో అప్పగింత స్వభావం మారిన తీరు ఇక్కడ కళ్లకు కడుతుంది. హైదరాబాదుకు ఆగ్నేయ దిక్కున, విమానం నడపడంలో శిక్షణ ఇచ్చే చిన్న విమానాశ్రయం పేరుతో చాలామందికి తెలిసిన ఈ ఊరు, బడంగ్‌పేట పురపాలనలో కలిసి, పొలాల స్థానంలో ప్లాట్ల రాళ్లు పాతుకొని, నగరమూ కాని పల్లే కాని స్థితికి వచ్చింది. పొద్దున్నే పసుపు రంగు బస్సులు ఈ దారులలో తిరుగుతాయి. ఒక చిన్న పిల్ల ఇల్లు విడిచి మళ్లీ ఇల్లు చేరేలోగా బస్సు డ్రైవరు, బస్సులో ఉండే ఆయా, గేటు దగ్గరి కాపలాదారు, తరగతి టీచరు, ఆటల మాస్టారు, మరుగుదొడ్లు కడిగే మనిషి - ఇందరి చేతుల మీదుగా నడుస్తుంది. వీరిలో సగం మంది ఏజెన్సీల ద్వారా వచ్చినవారు కావచ్చు. తల్లిదండ్రులు ఉద్యోగం కోసం వేరే జిల్లా నుంచి వచ్చి స్థిరపడినవారు కావచ్చు. ఎవరికి అప్పగించామో వారి ముఖం తెలియదు, పేరు తెలియదు. రుసుము కట్టిన రసీదు మాత్రం ఉంటుంది.

ఇక్కడ ఒక మాట తొందరపడి అనేయడం సులువు: పాతకాలపు పల్లెలో పంతులు ఎవరి కొడుకో అందరికీ తెలుసు, కాబట్టి పిల్లలు భద్రంగా ఉండేవారు అని. ఈ మాటకు ఆధారం లేదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రకటించిన అధ్యయనం 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను అడిగింది. వారిలో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక హింసను ఎదుర్కొన్నట్లు చెప్పారు. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాలలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. హింసకు పాల్పడినవారిలో దాదాపు సగం మంది పిల్లలకు తెలిసినవారు, నమ్మకపు స్థానంలో ఉన్నవారు. అంటే ముఖపరిచయం రక్షణ కాదు. చాలాసార్లు అదే ప్రవేశద్వారం. తెలుగు సాహిత్యంలో అందరికన్నా ప్రసిద్ధుడైన ట్యూటరు గిరీశం ఇంగ్లీషు చదువు పేరుతోనే అగ్నిహోత్రావధాన్లు ఇంట్లోకి నడిచి వస్తాడు. అతడి కన్ను ఆ ఇంటి వితంతువు బుచ్చమ్మ మీద పడిన సంగతి పాఠకుడికి తెలుసు, ఇంటి యజమానికి తెలియదు. నూరేళ్లకు పైగా ఆ దృశ్యాలకు నవ్వుతున్నాం. నవ్వడంలో తప్పు లేదు. గురజాడ నవ్వించడానికే రాశాడు. అయితే గురువు అనే వేషం ఎంత సులువుగా తలుపులు తెరిపిస్తుందో అంత సూటిగా చూపిన రచన మనకు మరొకటి లేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

అప్పగింతను గురించి మన ధర్మశాస్త్రాలు లోతుగా ఆలోచించాయి. మనుస్మృతి చెప్పిన 18 వ్యవహారపదాలలో నిక్షేపం ఒకటి. ఒకరు నమ్మి దాచిపెట్టమని ఇచ్చిన వస్తువును పుచ్చుకున్నవాడు ఎలా కాపాడాలి, ఎలా తిరిగి ఇవ్వాలి, ఇవ్వకపోతే రాజు ఏం చేయాలి అన్నది అందులోని విషయం. యాజ్ఞవల్క్యస్మృతి ప్రకారం, దాచిన సొమ్ము రాజు వల్లనో దైవం వల్లనో దొంగల వల్లనో పోతే పుచ్చుకున్నవాడు దాన్ని చెల్లించనక్కరలేదు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలోనే కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగు చేశాడు కనుక, ఈ ఆలోచన తెలుగు నేలకు కొత్తది కాదు.

ఆ మూడు మినహాయింపులను నేటి బడి ముందు పెట్టి చూస్తే ఒక విషయం బయటపడుతుంది. ఘటన జరిగిన ప్రతిసారీ యాజమాన్యాలు చెప్పే సమాధానం దాదాపు ఒకటే: అతడు మా ఉపాధ్యాయుడు కాడు, కాంట్రాక్టు మనిషి, మాకు తెలియకుండా జరిగింది. శాస్త్రభాషలో చెప్పాలంటే ఇది 'తస్కరుడు ఎత్తుకుపోయాడు' అనే వాదం. కానీ దొంగ మినహాయింపు బయటి నుంచి వచ్చిన దొంగకు వర్తిస్తుంది. ఇంటి తాళపుచెవి యజమాని స్వయంగా ఇచ్చిన మనిషి దొంగిలిస్తే దాన్ని దైవికమైన నష్టంగా లెక్కించమంటే ఏ న్యాయపీఠం ఒప్పుకోదు. పోక్సో చట్టం ఈ తేడాను గట్టిగా పట్టుకుంది. విద్యాసంస్థ యాజమాన్యంలోనో సిబ్బందిలోనో ఉన్న వ్యక్తి ఆ సంస్థలోని పిల్లపై నేరం చేస్తే, 5వ, 9వ సెక్షన్ల కింద అది తీవ్రతరమైన నేరమవుతుంది, శిక్ష పెరుగుతుంది. స్పర్శ వేరు కాదు, గాయం వేరు కాదు. చేసినవాడి చేతికి తాళపుచెవి ఎవరు ఇచ్చారన్నదే తేడా.

అయితే నిక్షేపంతో పోలిక ఒక దశ దాటాక విరిగిపోతుంది. విరిగే చోటే మనకు అసలు విషయం కనిపిస్తుంది. నిక్షేప వివాదంలో పక్షాలు రెండు: ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు. వస్తువుకు నోరు లేదు. ఇచ్చినవాడు 'పోతే పోయిందిలే' అని క్షమిస్తే వ్యవహారం అక్కడితో ముగుస్తుంది. పిల్ల విషయంలో మన సమాజం చాలాకాలం ఇదే పద్ధతి పాటించింది. ఊరి పెద్దమనుషులు కూర్చుంటారు, ఒకవైపు తండ్రి, మరోవైపు యాజమాన్యం; ఎంతో కొంత సొమ్ము చేతులు మారుతుంది, మాస్టారు బదిలీ అవుతాడు, పిల్ల చదువు మానేస్తుంది. పిల్ల ఆ కూటమిలో వస్తువు స్థానంలోనే ఉంటుంది.

రాజస్థాన్‌లో 2022 జనవరిలో ఒక విద్యార్థిని పట్ల ఉపాధ్యాయుడు లైంగికంగా ప్రవర్తించాడని కేసు నమోదైంది. కొద్దిరోజులకే కుటుంబం, ఉపాధ్యాయుడు రాజీపడ్డారు. ఆ రాజీని ఆధారం చేసుకొని హైకోర్టు కేసును కొట్టివేసింది. కుటుంబంతో సంబంధం లేని ఒక పౌరుడు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2024 నవంబరు 7న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఆ కేసును పునరుద్ధరించింది. ఇలాంటి నేరం ఇద్దరి మధ్య ప్రైవేటు వ్యవహారం కాదని, రాజీ కారణంగా దాన్ని రద్దు చేయరాదని చెప్పింది. న్యాయశాస్త్రం దృష్టిలో ఇది విచారణాధికారానికి సంబంధించిన తీర్పు. నైతిక దృష్టిలో ఇది అంతకన్నా పెద్ద మాట చెబుతుంది: తల్లిదండ్రులు పిల్లకు సంరక్షకులే కాని, పిల్లకు జరిగిన గాయానికి యజమానులు కారు. క్షమించే హక్కు గాయపడినవారికి ఉంటుంది. గాయపడినవారు ఆ హక్కును వినియోగించుకునే వయసుకు రాకముందే వారి తరఫున మరొకరు క్షమించేయడం, వారికి చెందినదాన్ని వారికి తెలియకుండా అమ్మివేయడం వంటిదే. అలాగని ఆ తండ్రిని దోషిగా నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. కోర్టుకూ పోలీసు స్టేషనుకూ పిల్లను తిప్పుతూ, ఇరుగుపొరుగు చూపులు భరిస్తూ, రేపటి పెళ్లి గురించి భయపడుతూ ఉన్న మనిషికి రాజీ ఒక్కటే తలుపుగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. అతనికి మరో తలుపు లేకుండా చేసినవారి బాధ్యత అతని బాధ్యత కన్నా పెద్దది.

ఇక మౌనం సంగతి. కొన్ని ప్రత్యేక నేరాలను మినహాయిస్తే, కళ్లెదుట జరిగిన నేరాన్ని పోలీసులకు చెప్పకపోవడం మామూలు పౌరుడికి శిక్షార్హమైన తప్పు కాదు. చెప్పడం మంచిది, చెప్పకపోతే పిరికితనం కావచ్చు, అంతే. పోక్సో చట్టం 19వ సెక్షను ఈ గీతను జరిపింది. నేరం జరిగిందని తెలిసిన ప్రతి వ్యక్తీ, జరగబోతుందన్న భయం కలిగిన ప్రతి వ్యక్తీ పోలీసులకు తెలియజేయాలి. చెప్పనివారికి 21వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ. తన కింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని దాచిన సంస్థాధిపతికి ఏడాది వరకు జైలు, జరిమానా. ఆ వెంటనే మరో చిన్న వాక్యం ఉంది: ఈ శిక్ష పిల్లకు వర్తించదు. చట్టంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే వాక్యం ఇదే. పిల్లకు చెప్పుకునే హక్కు ఉంది, చెప్పి తీరవలసిన విధి లేదు. విధి అంతా పెద్దవారిది. పిల్ల ఎందుకు అప్పుడే చెప్పలేదు అని అడిగే నోళ్లను ఈ ఒక్క వాక్యం మూయించాలి.

తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో, ఒక బడి వసతిగృహంలో ఉన్న ఆదివాసీ బాలికలపై అకృత్యాలు జరిగాయి. వారికి వైద్యం చేసిన వైద్యుడు విషయం తెలిసీ పోలీసులకు చెప్పలేదన్న ఆరోపణపై కేసు పెట్టగా హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2022 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. తెలిసి చెప్పకపోవడం తీవ్రమైన నేరమని, చాలా సందర్భాలలో అది నేరస్థుడిని కాపాడే ప్రయత్నమవుతుందని స్పష్టం చేసింది. మౌనం 'చేయకపోవడం' కనుక అది కర్మ కాదనే సాధారణ భావనకు ఇది విరుద్ధం. కర్మ కానిది నేరం ఎలా అవుతుంది? దారిన పోయేవాడి మౌనానికీ, అప్పగింత పుచ్చుకున్నవాడి మౌనానికీ ఉన్న తేడాలో దీనికి జవాబు ఉందని అనుకుంటాను. పిల్ల తనంతట తాను వెళ్లి రక్షణ వెతుక్కోలేదు. ఆమె చుట్టూ ఉన్న పెద్దల ద్వారానే లోకం ఆమెకు చేరుతుంది, ఆమె మాట లోకానికి చేరుతుంది. ఆ దారిలో నిలబడి ఉన్నవాడు నోరు మూసుకుంటే దారి మూసుకుపోతుంది. దారి మూయడం చేయకపోవడం కాదు, చేయడమే. చట్టం ఈ బాధ్యతను ప్రతి వ్యక్తికీ విస్తరించడం వెనుక కూడా, పిల్లల విషయంలో సమాజంలో ప్రతి వయోజనుడూ ఎంతో కొంత అప్పగింత పుచ్చుకున్నవాడే అన్న భావన ఉంది. ఈ విస్తరణ సరైనదేనా అన్నది వాదించదగ్గ విషయమే. సంస్థ విషయంలో మాత్రం వాదానికి చోటు లేదు.

హైదరాబాదు నగరంలో 2022 అక్టోబరులో బయటపడిన ఉదంతం ఈ ప్రశ్నలన్నిటినీ ఒక్కచోట చేర్చింది. ఒక ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ చదువుతున్న నాలుగేళ్ల పాపపై ప్రిన్సిపాల్ కారు డ్రైవరు అత్యాచారానికి పాల్పడ్డాడు. ఆ బడి పేరు ఇక్కడ రాయడం లేదు. పిల్ల పేరునే కాదు, కుటుంబాన్ని, బడిని, ఇరుగుపొరుగును, పిల్లను గుర్తుపట్టించే ఏ వివరాన్నీ ప్రచురించరాదని పోక్సో చట్టం 23వ సెక్షను చెబుతోంది. ఆ రోజుల్లో మన పత్రికలు, టీవీలు బడి పేరును పతాక శీర్షికల్లో మోగించాయి. చట్టం పక్షాన మాట్లాడుతున్నామనుకుంటూనే చట్టం గీసిన గీతను దాటాయి. పోలీసులు డ్రైవరునూ ప్రిన్సిపాల్‌నూ అరెస్టు చేశారు. నాటి విద్యాశాఖ మంత్రి - నాదర్‌గుల్ ఉన్న మహేశ్వరం నియోజకవర్గానికి శాసనసభ్యురాలు కూడా ఆమే - బడి గుర్తింపు రద్దు చేయమని ఆదేశించారు. దానితో అక్కడ చదువుతున్న మిగిలిన పిల్లల తల్లిదండ్రులు రోడ్డు మీదికి వచ్చారు. చదువుల సంవత్సరం మధ్యలో మా పిల్లలు ఎక్కడికి పోవాలని అడిగారు. చివరకు బడి కొనసాగడానికి ప్రభుత్వం అనుమతించింది. 2023 ఏప్రిల్‌లో నాంపల్లిలోని ప్రత్యేక కోర్టు డ్రైవరుకు 20 ఏళ్ల కఠిన కారాగార శిక్ష విధించింది; ప్రిన్సిపాల్‌ను నిర్దోషిగా విడుదల చేసింది.

విచారణ ఆరునెలల్లో ముగియడం మెచ్చుకోదగినది. తీర్పును తీర్పుగానే స్వీకరించాలి. నిర్దోషి అన్నవారిని మళ్లీ అనుమానించే హక్కు వ్యాసకర్తకు లేదు. కానీ ఒక ప్రశ్న మిగిలింది. సంస్థలో ఒక్క వ్యక్తి తప్ప మరెవరూ నేరస్థులు కారని తేలినప్పుడు, సంస్థకు మిగిలే బాధ్యత ఏమిటి? ప్రభుత్వం గుర్తింపు రద్దును బాధ్యతగా భావించింది. ఆ శిక్ష పడింది పిల్లల మీద. శిక్ష అనే ఒక్క భాషలోనే ఆలోచిస్తే సంస్థ బాధ్యతకు ఆకారం దొరకదు. శిక్ష జరిగినదాన్ని చూస్తుంది. అప్పగింత జరగబోయేదాన్ని చూస్తుంది. 2020 మార్చిలో అమలులోకి వచ్చిన పోక్సో నియమావళిలో మూడవ నియమం ఈ రెండవ చూపుతో రాసినది. పిల్లలతో నిత్యం వ్యవహరించే బడి, శిశుసంరక్షణ కేంద్రం, క్రీడా శిక్షణాలయం - ఏదైనా సరే, రెగ్యులరు కానీ కాంట్రాక్టు కానీ, బోధన సిబ్బంది కానీ ఇతరులు కానీ, పిల్లల దగ్గరికి వచ్చే ప్రతి ఉద్యోగి పూర్వచరిత్రను పోలీసుల ద్వారా ఎప్పటికప్పుడు పరిశీలింపజేయాలి. పిల్లల రక్షణ విధానాన్ని అనుసరించాలి. బడి భద్రత విషయంలో యాజమాన్యం జవాబుదారీని నిర్ణయిస్తూ 2021లో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కాగితం మీద లోటు లేదు.

ఆచరణలో బడులు ముందుగా ఎంచుకునేది కెమెరాను. కెమెరా అవసరమే. అయితే కెమెరా జరిగినదాన్ని దాచిపెడుతుంది, చూసేవాడు లేకపోతే అది కూడా మౌనసాక్షే. పైగా కెమెరా పెట్టించిన యాజమాన్యానికి తన బాధ్యత తీరిపోయిందన్న నిశ్చింత కలుగుతుంది; ఫీజు కరపత్రంలో అది ఒక సౌకర్యంగా అచ్చవుతుంది. రెండు మౌనాలను ఇక్కడ వేరుచేయాలి. పిల్ల ఎవరో బయటికి తెలియనీయకపోవడం గోప్యత. అది పిల్లకు చెందినది. జరిగింది బయటికి తెలియనీయకపోవడం దాపరికం. అది సంస్థకు చెందినది. దాపరికం ఎప్పుడూ గోప్యత వేషంలోనే వస్తుంది. 'పాప పేరు బయటికి వస్తుందమ్మా, ఆలోచించుకోండి' అనే సలహా ఇచ్చేవారు ఎవరి పేరును కాపాడుతున్నారో అడగాలి.

ఉపాధ్యాయుల వైపు నుంచి వచ్చే అభ్యంతరాన్ని తేలికగా తీసుకోరాదు. అనుమానం కలిగిన మాత్రాన సహోద్యోగి మీద ఫిర్యాదు చేయమనడం న్యాయమా? అబద్ధమని తేలినా మచ్చ పోతుందా? ఒకటో తరగతి పిల్ల జారిపడితే ఎత్తుకోవడానికి మాస్టారు జంకితే, ఏడుస్తున్న పిల్ల తల నిమరడానికి భయపడితే, బడిలో ఏం మిగులుతుంది? ఈ భయం నిజమైనది. దీనికి చట్టం చెప్పే జవాబు పాక్షికమే: సద్బుద్ధితో సమాచారం ఇచ్చినవారికి రక్షణ ఉంది, దురుద్దేశంతో తప్పుడు ఫిర్యాదు చేస్తే శిక్ష ఉంది. నైతికంగా నేను చేర్చేది ఒకటే. సమాచారం ఇవ్వడం తీర్పు చెప్పడం కాదు. మనం ఫిర్యాదుకు భయపడేది మన సమాజంలో ఫిర్యాదు అంటేనే తీర్పుగా చలామణి అవుతున్నందువల్ల. ఆ జాడ్యాన్ని మౌనంతో నయం చేయాలనుకుంటే దాని ఖరీదు పిల్లలు చెల్లిస్తారు. రెండు వైపులా నష్టం సమానం కాదన్నది కూడా మరవరాదు: నిర్దోషి అయిన పెద్దవాడికి తనను సమర్థించుకునే మాట ఉంది, వకీలు ఉన్నాడు, సంఘం ఉంది.

మరో చిక్కు ఇంత సులువుగా తేలేది కాదు. చట్టం దృష్టిలో 18 ఏళ్ల లోపు ప్రతి ఒక్కరూ పిల్లే. ఇంటర్మీడియట్ చదివే ఇద్దరు పదిహేడేళ్లవారు ప్రేమించుకున్న సంగతి టీచరుకు తెలిస్తే, శారీరక సంబంధం ఉందని తెలిస్తే, 19వ సెక్షను ప్రకారం ఆమె పోలీసులకు చెప్పవలసిందే. చెబితే ఆ అబ్బాయి నేరస్థుడవుతాడు. తనను నమ్మి చెప్పుకున్న అమ్మాయి మరెప్పుడూ ఏ పెద్దమనిషినీ నమ్మదు. కులం కాని కులంలో ప్రేమించిన పిల్లల మీద తల్లిదండ్రులే ఈ చట్టాన్ని ఎక్కుపెట్టిన సందర్భాలు కోర్టుల ముందుకు వస్తూనే ఉన్నాయి. లా కమిషన్ 2023లో ఇచ్చిన 283వ నివేదికలో సమ్మతి వయసును తగ్గించవద్దని చెబుతూనే, 16 నుంచి 18 ఏళ్ల మధ్యవారి విషయంలో శిక్ష విధించేటప్పుడు న్యాయమూర్తికి విచక్షణ ఉండాలని సూచించింది. కోర్టు దాకా వెళ్లాక విచక్షణ వల్ల ఉపశమనం కలగవచ్చు. కోర్టు దాకా చేర్చవలసిన టీచరు సంకటం అలాగే ఉంటుంది. ఇక్కడ చట్టం విధించిన విధికీ, నమ్మకం విధించిన విధికీ నిజమైన వైరుధ్యం ఉందని ఒప్పుకోవడం తప్ప నాకు దారి కనబడటం లేదు.

తిరిగి చిన్నపిల్లల దగ్గరికి వద్దాం. ఈ దశాబ్దంలో మన బడులలో అన్నిటికన్నా ఎక్కువగా వ్యాపించిన రక్షణ చర్య 'గుడ్ టచ్, బ్యాడ్ టచ్' పాఠం. బొమ్మలతో, యానిమేషన్ చిత్రాలతో, చార్టులతో ఏ స్పర్శ మంచిదో ఏది చెడ్డదో చెప్పి, చెడ్డదైతే 'వద్దు' అని అరవమని, పరుగెత్తమని, అమ్మకు చెప్పమని నేర్పుతారు. 1098 నంబరును కంఠస్థం చేయిస్తారు. ఈ పాఠం వల్ల మాట్లాడగలిగిన పిల్లలు ఉన్నారు, దాన్ని కొట్టిపారేయలేం. కానీ పాఠంలోని నైతిక నిర్మాణాన్ని చూడండి. స్పర్శను తూచి మంచి చెడులు నిర్ణయించే పని ఐదేళ్ల పిల్లది. అడ్డుకునే పని పిల్లది. పారిపోయే పని పిల్లది. చెప్పే పని పిల్లది. చట్టం పిల్లకు లేదన్న విధి మొత్తాన్ని పాఠం పిల్ల నెత్తిన పెట్టింది. వంచకుడు మొదట చాక్లెట్లు ఇస్తాడు, ఆడిస్తాడు, ముద్దు చేస్తాడు. ఆ దశలో పిల్లకు స్పర్శ చెడ్డగా తోచదు. తరువాత తోచినప్పుడు, 'అప్పుడే అరవలేదు కదా, తప్పు నాదే' అన్న అపరాధభావం ఆ పాఠం నుంచే పుడుతుంది. పిల్లలకు పాఠం చెప్పిన బడులు ఎన్నో. ఆయాకు, డ్రైవరుకు, గేటు కాపలాదారుకు, ప్రిన్సిపాల్‌కు 19వ సెక్షనును వారి భాషలో వివరించిన బడులు ఎన్ని? కంచె చేను మేస్తే దిక్కెవరు అని మన సామెత నిస్సహాయంగా అడిగి ఊరుకుంటుంది. చేనుకు కంచె ఎలా మేస్తుందో నేర్పితే చాలునన్నట్టు ఉంది మన పద్ధతి.

ఒకవేళ పిల్ల చెప్పింది అనుకుందాం. ఏ భాషలో చెబుతుంది? ఇది తెలుగు శాఖలకు నేరుగా సంబంధించిన ప్రశ్న. బట్టలు లేకుండా పరుగెత్తే పాపతో నవ్వుతూ 'షేమ్ షేమ్' అంటాం. శరీరంలోని ఆ భాగానికి పిల్ల మొదట నేర్చుకునే పేరు అదే. వీధిలో విన్న అసలు పేరు పలికితే బూతు మాట్లాడావని చెంప మీద కొడతాం. పాఠ్యపుస్తకంలోని 'జననాంగం' పదేళ్లు దాటాక గాని కంటపడదు; 'మర్మావయవం' అన్న మాటలోనే దాచమన్న ఆజ్ఞ ఉంది. జరిగిన హింసకు మన వార్తాభాష చాలాకాలం వాడిన పేరు 'మానభంగం'. గాయం పిల్ల శరీరానికి కాదు, ఇంటి మానానికి తగిలినట్లు చెప్పే సమాసం అది. మానం పోయిందన్న చోట రాజీ పుట్టడంలో వింత లేదు. పోయిన మానాన్ని దాచడమే ఇంటివారి మొదటి పని అవుతుంది. 'లైంగిక దాడి' అనే అనువాదపదం కృతకంగా వినిపించినా, దాడి ఎవరి మీద జరిగిందో స్పష్టం చేస్తుంది కనుక నాకు అదే మేలుగా తోస్తుంది.

పోక్సో చట్టం 26వ సెక్షను ప్రకారం, పోలీసు అధికారి గాని మెజిస్ట్రేటు గాని పిల్ల వాంగ్మూలాన్ని పిల్ల చెప్పినట్లుగానే రాయాలి. హైదరాబాదులో 2016లో మొదలైన భరోసా కేంద్రం, 2018లో హాకా భవన్‌లో ఏర్పడిన బాలల స్నేహపూర్వక న్యాయస్థానం ఈ సూత్రం మీదనే నిలిచాయి: యూనిఫాం కనిపించదు, నిందితుడు కనిపించడు, పిల్ల భయం లేకుండా మాట్లాడుతుంది. గది మారింది, కాగితం మీది భాష ఎంత మారింది? నాదర్‌గుల్ చుట్టుపక్కల ఒక పిల్ల 'అంకుల్ ఆడ ముట్టిండు' అంటుందనుకుందాం. 'సదరు ముద్దాయి బాధితురాలి పట్ల అసభ్యకరంగా ప్రవర్తించినాడు' అని రాసే అలవాటు మన రాతగాళ్లది. పిల్ల చెప్పినదానిలో స్థలం ఉంది, చర్య ఉంది. రాసినదానిలో రెండూ పోయి ఒక తీర్పు మిగిలింది. విచారణలో వకీలు అడిగేది ఆ రెండింటి గురించే. ఇక 'ఆడ' అంటే తెలంగాణలో 'అక్కడ'. వేరే ప్రాంతం నుంచి వచ్చిన అధికారి దాన్ని 'ఆడది' అన్న అర్థంలో ఇంగ్లీషులోకి మార్చితే వాక్యం తలకిందులవుతుంది. మాట ఇంగ్లీషులోకి వెళ్లే దారిలో ఎన్నిచోట్ల జారిపోతుందో లెక్కించినవారు లేరు.

భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటాన్ని 1962లో వెలువరించినప్పుడు, నాగలిలోని ఒక్కొక్క భాగాన్ని ఏ ఊళ్లో ఏమంటారో పరిశోధకులు ఊరూరా తిరిగి అడిగి రాసుకున్నారు. తరువాత చేనేతకు, ఇతర వృత్తులకు ఆ పని సాగింది. పిల్లలు తమ శరీరభాగాలను, నొప్పిని, తాకడాన్ని, భయాన్ని ఏ ప్రాంతంలో ఏ మాటలతో చెబుతారో అలాంటి సేకరణ మనకు లేదు. చేయాలంటే పద్ధతి దగ్గరే నైతిక సమస్య ఎదురవుతుంది. పిల్లలను నేరుగా అడగరాదు; అడగడమే ఒక హింస కావచ్చు. తల్లులను, అమ్మమ్మలను, అంగన్‌వాడీ టీచర్లను, స్నానాలు చేయించే ఆయాలను, పిల్లల వైద్యుల దగ్గరి నర్సులను అడగాలి. రంగారెడ్డి జిల్లాలో తెలుగుతోపాటు ఉర్దూ మాటలు, లంబాడీ తండాల మాటలు, ఇటుక బట్టీలకు వచ్చిన ఒడియా కుటుంబాల మాటలు కూడా వినాలి. సేకరించిన పదాలను అచ్చువేయడమా, భరోసా కేంద్రాలకూ బాలల న్యాయస్థానాలకూ పనిచేసే అనువాదకులకు మాత్రమే ఇవ్వడమా అన్నది మరో ప్రశ్న. 'బూతు'గా పేరుపడిన మాటను నిఘంటువులో చేర్చడానికి సంపాదకులు వెనుకాడకుండా ఉండటం ఇంకొకటి. ముందుగా ఒక మండలంలో, ఒక్క వేసవి సెలవుల్లో, ఇద్దరు ముగ్గురు పరిశోధక విద్యార్థినులతో మొదలుపెట్టదగ్గ పని ఇది.